తాటి మొవ్వును చీల్చి చూచినవాడు: సర్ ఎడ్విన్ జాన్ బట్లరు

మన హొళగుంద ప్రాంతమున కంది వేయని రైతు అరుదు. జొన్నలోనో ప్రత్తిలోనో నాలుగు సాళ్ళు కంది పడకపోయినయెడల ఇంట పప్పు ఉడకదు. గడచిన కాపులో మేము వేసిన కంది నిలువెత్తు ఎదిగి, పూత పట్టి, కాయ కట్టు వేళకు ఒకచోట నాలుగు, మరియొకచోట పది చెట్లుగా వాడసాగెను. నేలలో పదును ఉన్నది. ఆకుమీద పురుగు లేదు. అయినను పచ్చగా ఉన్న చెట్టు కొద్ది దినములలోనే నిలువున ఎండిపోయెను. చూడవచ్చినవారు తలకొక మాట అనిరి. ఒకరు దిష్టి తగిలినదనిరి. ఒకరు ఊరి దేవరకు చేయవలసినది చేయలేదనిరి. మేము క్రైస్తవులమని ఎరిగియు అట్లనిరి. మన సంఘములోని పెద్ద ఒకాయన మాత్రము, గుడికి ఇయ్యవలసిన పంట కానుక ఈయేడు తగ్గించితిరి గదా, అందువలన కాదా అని మెల్లగా అడిగెను. ఆ మాట మాకు రెండు రాత్రులు నిద్ర పట్టనీయలేదు. ఏలయనగా మేము నిజముగానే తగ్గించియుంటిమి.

మూడవ నాడు ఎండిన చెట్టునొకదానిని వేరుతో పెరికి, మానును కొడవలితో నిలువున చీల్చితిమి. బెరడు క్రింద నల్లని చార ఒకటి వేరునుండి పైకి పాకియున్నది. ప్రక్కనే ఇంకను వాడని చెట్టును చీల్చగా దానిలోను ఆ చార అప్పుడే మొదలైయున్నది. వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకరు దానిని చూచి, ఇది ఎండు తెగులు, నేలలోని బూజు వేరు గుండ చొచ్చి నీరెక్కు దారులను పూడ్చివేయునని చెప్పి, దాని శాస్త్రనామమును ఒక కాగితముమీద వ్రాసియిచ్చిరి. ఫ్యుజేరియం ఊడం, బట్లర్, 1910 అని అందున్నది. మన చేని తెగులు పేరుకు తోకగా నిలిచిన ఈ బట్లరు ఎవరని వెదకగా దొరికిన సంగతులనే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

ఎడ్విన్ జాన్ బట్లరు 1874వ సంవత్సరము ఆగష్టు 13న ఐర్లండు దేశమున క్లేర్ జిల్లాలోని కిల్కీ అను సముద్రతీర గ్రామమున పుట్టెను. తండ్రి థామస్ బట్లరు మేజిస్ట్రేటు. పిల్లవాడు బలహీనుడు. బడికి పంపినను జబ్బు వలన చదువు నడుమనే ఆగిపోయి కొంతకాలము ఇంటివద్దనే ఉండవలసివచ్చెను. తండ్రి పుస్తకముల అలమార అతనికి బడియైనది.

అతడు పుట్టిన దేశమును గూర్చి ఒక సంగతి చెప్పక ముందుకు పోలేము. అతడు పుట్టుటకు ముప్పది యేండ్లు కాకముందు, 1845లో, ఐర్లండు బీదల ఏకైక ఆహారమైన ఉర్లగడ్డ పైరుకు ఒక తెగులు పట్టెను. ఆకులు నల్లబడి, పొలము పొలమంతయు కంపుకొట్టి, నేలలోని గడ్డలు చేతికి జిగురై వచ్చెను. ఆ కరవులో పది లక్షలమంది ప్రాణములు పోయినవి. ఇంచుమించు అంతమందే ఓడలెక్కి దేశము విడిచిపోయిరి. క్లేర్ జిల్లా మిక్కిలి నలిగిన జిల్లాలలో ఒకటి. ఆ దినములలో పండితులును పామరులును చెప్పిన కారణములు మా కంది చేని గట్టుమీద విన్నవాటికంటె ఎక్కువ భిన్నమైనవి కావు. కొందరు గాలి చెడినదనిరి, కొందరు వానలు మిక్కుటమైనవనిరి, కొందరు దేవుని ఉగ్రత అనిరి. ఆకుమీది తెల్లని బూజును చూచినవారు లేకపోలేదు; అయితే కుళ్ళినదానిమీద బూజు పట్టుట సహజమే గనుక అది కుళ్ళు వలన వచ్చినదే గాని కుళ్ళునకు కారణము కాదని పెద్ద శాస్త్రజ్ఞులు త్రోసివేసిరి.

దానికి ఎదురు చెప్పినవారిలో ముఖ్యుడు ఒక పల్లెటూరి గురువు. ఆయన పేరు రెవరెండు మైల్స్ జోసెఫ్ బర్క్లీ. ఇంగ్లండులో చిన్న సంఘములను కాచుచు, పెద్ద కుటుంబమును పోషించుటకు పిల్లలకు చదువు చెప్పుచు, మిగిలిన వేళ సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి బూజులను పుట్టగొడుగులను పరీక్షించెడివారు. ఉర్లగడ్డ ఆకును చంపుచున్నది ఆ బూజేనని 1846లో ఆయన వ్రాసిరి. అది నిజమని జర్మను శాస్త్రజ్ఞుడు డి బారీ 1861లో రుజువు చేసెను. బర్క్లీగారు 1848లో మరియొక చిన్న వ్యాసము ప్రకటించిరి. ప్రష్యా తీరమున దొరకు తృణమణిలో, అనగా కోట్లకొలది సంవత్సరముల క్రిందట చెట్టునుండి కారి రాయియైన బంకలో, చిక్కుకొనియున్న మూడు బూజులను ఆయన అందులో వర్ణించిరి. ఆదివారము ప్రసంగము చేసి, సోమవారము రాయిలోని బూజును చూచిన ఆ గురువును తలచుకొన్నప్పుడు మాకు ముచ్చటగా ఉండును. ఈ తృణమణి మాటను చదువరులు కొంచెము గుర్తుంచుకొందురు గాక. మన కథ చివర రాతిలోని బూజులు మరల వచ్చును.

బట్లరు కార్కు పట్టణపు క్వీన్స్ కాలేజీలో వైద్యము చదివి 1898లో పట్టా పొందెను. అయితే అక్కడి ప్రకృతిశాస్త్ర ఆచార్యుడు మార్కస్ హార్టోగు అతనికి నీటిలో పెరుగు బూజులమీద ఆసక్తి పుట్టించెను. చెరువు నీరు గిన్నెలో పోసి చచ్చిన ఈగను అందులో వేసినయెడల రెండు మూడు దినములలో దాని చుట్టు తెల్లని దూదివంటి బూజు మొలచును. దాని సిద్ధబీజములు, అనగా విత్తులవంటి సూక్ష్మకణములు, తోకలు కదల్చుచు నీటిలో ఈదును. ఈదెడు విత్తు! వైద్యపు పట్టా చేతికి వచ్చినను, రోగి మంచమువద్దకు గాక ఈగ గిన్నెవద్దకే బట్లరు మనస్సు పోయెను. పారిస్, ఫ్రైబర్గు నగరములలోను, లండను ప్రక్కనున్న క్యూ ఉద్యానములోను అతడు ఈ విద్యనే నేర్చెను. క్యూ వారి సిఫారసుమీద 1901లో హిందూదేశ ప్రభుత్వము అతనిని కలకత్తాకు పిలిపించెను. పువ్వు పూయని మొక్కల శాస్త్రజ్ఞుడని అతని ఉద్యోగము పేరు. మరుసటి యేడు డెహ్రాడూనుకు మార్చిరి. 1905లో బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము ఏర్పడినప్పుడు అతడు అక్కడ ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడాయెను. ఆ పరిశోధనాలయమునకు హెన్రీ ఫిప్సు అను అమెరికా ధనికుడు సొమ్మిచ్చెను. జీతములు మాత్రము మన రైతుల శిస్తు నుండియే వచ్చినవని మరువరాదు.

బట్లరు మన తెలుగు దేశమునకు వచ్చిన పని తాటిచెట్టును గూర్చినది. గోదావరి డెల్టాలో పందొమ్మిదవ శతాబ్దము చివరి సంవత్సరములనుండి తాటిచెట్లు ఉన్నట్టుండి చచ్చుచుండెను. మన వైపు తాడి అంత లేదు, ఈత ఎక్కువ. కనుక ఆ నష్టము మనకు వెంటనే తట్టకపోవచ్చును. డెల్టా బీదవానికి తాటియాకు ఇంటి కప్పు, తాటిమాను ఇంటి దూలము, ముంజలు పిల్లల తిండి, తేగలు చలికాలపు ఆకలికి ఆధారము, కల్లును బెల్లమును గీతవాని బ్రతుకు. కల్లును గూర్చి మన సంఘముల అభిప్రాయము అందరెరిగినదే గనుక ఇక్కడ వాదము పెట్టుకొనము. ఒక్క మాట: నాటిన టెంక గీతకు వచ్చు చెట్టగుటకు పదిహేను, ఇరువది యేండ్లు పట్టును. తాత నాటినది మనుమడు ఎక్కవలసినదే.

ఆ తెగులు చెట్టు తలలోనే మొదలగును. నడుమ ఈటెవలె నిలిచియుండు లేత ఆకు, అనగా మొవ్వాకు, మొదట వన్నె తప్పును. తరువాత వాలిపోవును. చుట్టునున్న ఆకులు కొంతకాలము పచ్చగానే నిలిచియుండుట వలన క్రిందనుండి చూచువానికి చెట్టు బాగుగానే కనబడును. బట్లరు తల నరికించి, మట్టలను ఒక్కొక్కటిగా విప్పించి చూచెను. పైమట్టమీద గుంటపడిన మచ్చ. దానికి సరిగా క్రింద రెండవ మట్టమీద అట్టి మచ్చయే. దాని క్రింద మూడవదానిమీద. ఈలాగున ఒక్కొక్క పొరను తొలుచుకొనుచు ఆ బూజు మెత్తని మొవ్వును చేరును. అది చేరిన పిమ్మట మొవ్వు కుళ్ళి ముద్దయై దుర్గంధము కొట్టును. వేపకును చింతకును కొమ్మ కొమ్మకు చిగురున్నది, ఒకటి పోయిన మరియొకటి వచ్చును. తాటికి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది చచ్చినయెడల చెట్టు చచ్చినట్లే. తల రాలిపోయి మాను స్తంభమువలె నిలిచియుండును. కుళ్ళిన ముద్దలో పురుగులు, ఈగలు, ఇతరమైన బూజులు లెక్కలేనన్ని చేరును గనుక అసలు నేరస్థుడెవడో కనిపెట్టుట తేలిక కాదు. మచ్చ అంచున, ఇంకను కుళ్ళని కండలో ఏది ఉన్నదో దానినే బట్లరు పట్టుకొనెను. వానకాలమున అది తెల్లని పూతవలె మట్టమీద కనబడెను. దానికి తన 1907 గ్రంథములో పిథియం పామివోరం అని పేరు పెట్టెను. తాటి జాతిని తినునదని దాని భావము. 1910లో ఈ మొవ్వుకుళ్ళును గూర్చి ప్రత్యేకముగా ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను.

మందు లేదు. ఎనుబది అడుగుల చెట్టు తలలో, మట్టల పొరల లోపల దాగినదానికి ఏ మందు అందును? బట్లరు చెప్పినది ఒక్కటే: తెగులు తగిలిన చెట్టు తలను నరికి కాల్చివేయవలెను, వానలు రాకముందే చేయవలెను. ప్రభుత్వము పనివారిని పెట్టి గోదావరి, కృష్ణా జిల్లాలలో ఏండ్ల తరబడి ఈ పని జరిగించెను. పచ్చని ఆకులతో ఇంకను నిలిచియున్న చెట్టును చూపి, దీనిని నరుకుదుము, నీ ప్రక్కవాని చెట్లు బ్రతుకుటకే అని గీతవానితో చెప్పినప్పుడు అతని ముఖము ఎట్లుండునో మనము ఊహింపవచ్చును. సర్కారువారికి ఒక చెట్టు లెక్క, వానికి తాత కష్టము. అయినను ఆ పని వలననే తెగులు డెల్టా దాటి విచ్చలవిడిగా పోకుండ చాలవరకు ఆగినది. ఒక పొలములోని తెగులు ప్రక్కవాని పొలమునకు పోకుండ కట్టడి చేయుటకు మద్రాసు రాజధానిలో 1919లో చట్టము వచ్చెను. అప్పటికి మన ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో చేరి ఆ రాజధాని క్రిందనే ఉండెను. 1953లో గదా కర్నూలులో కలిసినవి.

ఆ 1919లోనే బట్లరు చేసిన పని ఒకటి మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. తాను పన్నెండేండ్ల క్రిందట పెట్టిన పేరు తప్పని తానే చెప్పెను. తాటిని చంపు బూజు పిథియం కాదు, ఫైటాఫ్తోరా అను మరియొక కుటుంబమునకు చెందినదని దిద్ది వ్రాసెను. పేరు మారిన ఏమని అడుగవచ్చును. ఫైటాఫ్తోరా అనునది ఐర్లండు ఉర్లగడ్డలను కుళ్ళించిన బూజునకు డి బారీ పెట్టిన పేరు. తన తాతల కాలమున తన జిల్లాను ఖాళీ చేసిన శత్రువును, ఆ శత్రువు దాయాదిని, బట్లరు గోదావరి ఒడ్డున తాటి తలలో చూచెనన్నమాట. ఈదెడు విత్తులు దీనికిని ఉన్నవి. అందుచేతనే వానలలో వ్యాపించును. అతడు విద్యార్థిగా ఈగ గిన్నెలో చూచినవానికి ఇవి చుట్టములే. ఫైటాఫ్తోరా గ్రీకు మాట. ఫైటాన్ అనగా మొక్క, ఫ్తోరా అనగా నాశనము. రోమా పత్రిక 8వ అధ్యాయములో సృష్టి ఏ దాస్యమునకు లోబడియున్నదని అపొస్తలుడు వ్రాసెనో ఆ చోట గ్రీకు మూలములో ఉన్నది ఈ ఫ్తోరా అను మాటయే. నేటి శాస్త్రజ్ఞులు ఇంకొక దిద్దుబాటు కూడ చేసియున్నారు: ఫైటాఫ్తోరా చూపునకు బూజువలె ఉన్నను వంశము ఎంచినప్పుడు పుట్టగొడుగులకంటె సముద్రపు గోధుమరంగు నాచునకు దగ్గర. బట్లరు బ్రతికియున్నయెడల దీనిని కూడ దిద్దుకొనియుండును.

మన మెట్ట పైరులకు అతడు చేసినది తాటికి చేసినదానికంటె తక్కువ కాదు. సజ్జలో వెర్రికంకి మీరందరు చూచినదే. గింజ కట్టవలసిన కంకి ఆకుల గుత్తియై పచ్చగా విప్పుకొని నిలుచును. దానికి కారణమైన బూజును గూర్చి బట్లరు 1907లో వ్రాసెను. కంది ఎండు తెగులును మొదట 1906లో బీహారు పొలములలో గుర్తించి వర్ణించెను. చచ్చిన కంది మోళ్ళమీద ఎఱ్ఱని చుక్కలవంటి బూజు ఒకటి తరచుగా కనబడుచుండెను. అమెరికాలో ప్రత్తి ఎండుటకు కారణము అట్టిదేనని అక్కడివారు చెప్పియుండిరి. కనుక అదియే దొంగ అని ఎవరైనను అనుకొందురు. బట్లరు అనుకొని ఊరకుండలేదు. ఆ బూజును వేరుగా పెంచి మంచి కంది వేళ్ళకు పెట్టి చూచెను. చెట్లు చావలేదు. అది శవముమీద వ్రాలు గ్రద్ద మాత్రమే. అసలు చంపునది వేరొకటి, నేలలోనుండి వచ్చునదని 1910లో తేల్చి దానికి ఫ్యుజేరియం ఊడం అని పేరు పెట్టెను. అదియే మా చేతి కాగితములోనిది.

ఈ బూజు మోళ్ళతోపాటు నేలలో కొన్ని యేండ్లు బ్రతికియుండును. అందుచేత ఎండిన చెట్లను వేళ్ళతో పెరికి కాల్చుట, ఆ చెక్కలో కొన్ని యేండ్లు కంది వేయకుండుట, తట్టుకొను రకములను ఏరుకొనుట, ఇవియే మార్గములు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు జొన్నతో కలిపి వేసిన కందిలో ఈ తెగులు తగ్గునని చూపిరి. ఎండు తెగులును తట్టుకొను మారుతి అను రకము కూడ వారి కృషి వలననే 1986 ప్రాంతమున రైతులకు అందెను. కందిని ఒంటరిగా వేయరాదని మన ముసలివారు చెప్పుచు వచ్చినది ఊరక కాదన్నమాట. మేము ఆ నాలుగు ఎకరములలో మూడు ఎకరములు ఒంటి కందియే వేసితిమి, ధర బాగున్నదని.

గోధుమ కుంకుమ తెగులును గూర్చి బట్లరు హేమను అను తోడివానితో కలిసి 1906లో వ్రాసెను. మన దేశపు గోధుమకు నల్ల, గోధుమవన్నె, పసుపు అను మూడు కుంకుమలు పట్టునని వారు విడదీసి చూపిరి. ఐరోపాలో నల్ల కుంకుమ బార్బెరీ అను పొదమీద కొంతకాలముండి గోధుమకు తిరిగి వచ్చును. మన మైదానములలో ఆ పొద లేదు, అయినను ఏటేట తెగులు వచ్చుచునే ఉండెను. ఆ ముడిని తరువాత ఆగ్రాలోని ఆచార్య కరంచంద్ మెహతా విప్పెను. కొండలమీది పైరులనుండి గాలిలో ఆ ధూళి దిగివచ్చునని ఆయన చూపెను.

ఇక్కడ మన పెద్దాయన అడిగిన ప్రశ్న మరల జ్ఞాపకము వచ్చుచున్నది. పరిశుద్ధ గ్రంథములో పైరు తెగుళ్ళ ప్రస్తావన తక్కువ కాదు. ద్వితీయోపదేశకాండము 28లోను, ఆమోసు 4లోను, హగ్గయి 2లోను అవి దేవుని శిక్షగా చెప్పబడినవి. ఆ వాక్యములను మేము తేలికగా తీసికొనము. సొలొమోను మందిర ప్రతిష్ఠ వేళ చేసిన ప్రార్థనలో కూడ, 1 రాజులు 8లో, కరవుతోను మిడుతలతోను కలిపి తెగుళ్ళు పేర్కొనబడినవి. అయితే పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగిన ప్రశ్నకు యోహాను 9లో ఏ జవాబు వచ్చినదో అదియు మన పెద్దాయన ఎరిగినదే. ఆయనతో ఈ సంగతి మాటలాడితిమి. ఆయన తన కంది చేనిలోను ఆ నల్లచార ఉన్నదని చెప్పెను. కానుక ఆయన తగ్గించలేదు.

ఆ వాక్యములలోని తెగులు ఏదో తెలియజేయు సాక్ష్యము ఇశ్రాయేలు దేశపు మట్టిలోనే దొరికినది. సమ్సోను పెండ్లికూతురి ఊరైన తిమ్నాతు ఉండిన దిబ్బను త్రవ్వుచుండగా పాతకాలపు జాడిలో గోధుమ పొట్టు ముక్కలు కనబడెను. వాటిమీద నల్ల కుంకుమ తెగులు బూజు, దాని సిద్ధబీజములతో సహా నిలిచియున్నదని కిస్లెవ్ అను శాస్త్రజ్ఞుడు 1982లో ప్రకటించెను. దాని వయస్సు సుమారు 3300 సంవత్సరములు. సమ్సోను ఫిలిష్తీయుల పైరును నక్కలచేత కాల్పించుటకు ముందే ఆ పొలములను ఒక శత్రువు తినుచుండెనన్నమాట. రోమీయులు ఈ కుంకుమకు రోబిగస్ అని ఒక దేవతను కల్పించి ఏటేట ఏప్రిల్ 25న కుక్కను బలి ఇచ్చెడివారు. తెగులుకు దేవర అను ఆలోచన మన ఊళ్ళకే పరిమితము కాదు.

బట్లరు పూసాలో ఉన్న కాలమున ఎండిన ఆకులు, కంకులు, వేళ్ళు కాగితములమీద అంటించి పేరు, ఊరు, తేది వ్రాసి దాచెను. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపములో పూసా భవనము పాడైపోగా పరిశోధనాలయము 1936లో ఢిల్లీకి మారెను. ఆ సేకరణ నేటికిని అక్కడ ఉన్నది. మన దేశపు యువకులకు ఈ విద్య నేర్పెను. వారిలో జహంగీరు దస్తూరు 1913లో ఆముదపు మొక్కల తెగులులో కొత్త ఫైటాఫ్తోరాను కనిపెట్టెను. తన అనుభవమును బట్లరు 1918లో ఒక్క పుస్తకముగా వ్రాసెను, శిలీంధ్రములును మొక్కల వ్యాధులును అని దాని భావము. హిందూదేశపు పైరు తెగుళ్ళకు చాలకాలము అదియే ఆధార గ్రంథము. 1920లో అతడు క్యూ చేరి ప్రపంచ దేశముల పైరు తెగుళ్ళ వార్తలు ఒకచోట కూర్చు కార్యాలయమునకు మొదటి అధిపతి ఆయెను. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1939లో సర్ బిరుదు వచ్చినవి. ఈ ఉద్యోగముల వివరములు ఇంతకంటె మన చదువరులకు అవసరము లేదు.

బిరుదు వచ్చిన ఆ 1939లోనే, అరువది అయిదేండ్ల వయస్సున, అతడు ప్రకటించిన ఒక వ్యాసము మాత్రము అవసరము. జీవితమంతయు మొక్కలను చంపు బూజులను వెంటాడినవాడు ఈసారి మొక్కను చంపని బూజును గూర్చి వ్రాసెను. జొన్న, కంది, వేరుశనగ, గడ్డి, చెట్టు, భూమిమీది మొక్కలలో అత్యధిక భాగమునకు వేళ్ళ లోపల సన్నని దారములవలె ఒక బూజు కాపురముండును. అది నేలలోని భాస్వరమును వేరు అందుకొనలేని చోటునుండి తెచ్చి మొక్కకు ఇచ్చును. మొక్క ఆకులో వండిన చక్కెరను దానికి పెట్టును. ఎవరిని ఎవరు పోషించుచున్నారో చెప్పలేము. బట్లరు ఈ వేరు బూజులను గూర్చి అప్పటివరకు తెలిసినదంతయు పరిశీలించి, వాటికి రాతిలో దొరికిన పోలికలను చూపెను.

ఆ రాయి స్కాట్లండులో రైనీ అను గ్రామమునది. పూర్వము వేడి నీటి ఊట ఒకటి అక్కడ పొంగి ప్రక్కనున్న చిన్న మొక్కలను ముంచగా, నీటిలోని సిలికా ప్రతి కణములోను చేరి వాటిని ఉన్నవి ఉన్నట్లు రాయి చేసెను. మాకీ అను వైద్యుడు ఆ రాయిని మొదట కనిపెట్టెను. కిడ్‌స్టను, లాంగు అను ఇద్దరు దానిని వెలుగు కనబడునంత పలుచగా అరగదీసి, 1917 నుండి 1921 వరకు అందులోని మొక్కలను, మొక్కల లోపలి బూజులను వర్ణించిరి. దాని వయస్సు నలువది కోట్ల సంవత్సరములకు పైమాట అని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. ఇంతటి అంకెలు విన్నప్పుడు మన సంఘములలో కొందరికి కలవరము కలుగునని ఎరుగుదుము. వారు కొలిచిన లెక్కను వారు చెప్పినట్లే వ్రాసితిమి. నేలమీద మొక్క అనునది మొలచిన తొలి దినములలోనే, సరియైన వేరు కూడ లేని ఆ మొక్క లోపల బూజు ఉన్నది. అందులో కొన్ని నేటి వేరు బూజులను పోలియున్నవని బట్లరు చూచెను. పోలిక మాత్రమే, రుజువు కాదు.

అతడు 1943 ఏప్రిల్ 4న చనిపోయెను. అదే యేడు అమెరికాలోని మిన్నెసోటాలో రోజెండాలు అను శాస్త్రజ్ఞుడు పాత మట్టి పొరలలో దొరికిన శిలాజ వేరు బూజునకు రైజోఫజైటీస్ బట్లెరి అని పేరు పెట్టెను. ఆ 1943లోనే మన దేశమున ఆచార్య బీర్బల్ సహానీ, హెచ్. యస్. రావుగారలు మధ్య పరగణాలలోని సౌసర్ వద్ద, దక్కను లావా పొరల నడుమ చిక్కిన రాతిలో శిలీంధ్రములను వర్ణించిరి. అట్టి లావా పొరలు మన రాజమండ్రి వద్దను ఉన్నవి. బట్లరు చూచిన తాళ్ళు ఆ నది దిగువనే పెరిగినవి.

బట్లరు చెప్పిన పోలిక 1994లో రుజువైనది. జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు రైనీ రాతి పలకలను మరల చూచి, ఒక మొక్క కణముల లోపల చిన్న చెట్టువలె కొమ్మలు చీలిన బూజును కనుగొనిరి. మొక్కయు బూజును ఇచ్చిపుచ్చుకొను చోటు అదియే. మా చేనిలో ఆ యేడు పెరికిన కంది మోళ్ళను కాల్చి, ఆ చెక్కలో జొన్న వేసితిమి. జొన్న వేరును కడిగి, రంగు పట్టించి, కాలేజీ సూక్ష్మదర్శిని క్రింద ఒక మాస్టరుగారు మాకు చూపగా, ఆ చిన్న చెట్టే అందులో నీలముగా కనబడెను.